చేతికి తగిలే అతుకులు

మా షాపులో కత్తిరించిన ముక్క ఏదీ చెత్తబుట్ట దాకా వెళ్ళదు. మధ్యలో నా సంచీ ఉంటుంది. ప్యాంటు పొడవు తగ్గిస్తే మిగిలే చుట్టలు, చొక్కా చేతులు పొట్టి చేస్తే వచ్చే గొట్టాలు, లైనింగు పీలికలు, చిరిగిన జేబులు, అన్నీ అందులోకే. మా ఓనరు నన్ను గుడ్డల పిచ్చిది అంటాడు. అననివ్వండి. మా ఇంట్లో కాళ్ళు తుడుచుకునే పట్టా దగ్గర నుంచి దిండు గలీబుల దాకా ఏదీ దుకాణంలో కొన్నది కాదు.

నా పని పాత బట్టలకి రిపేర్లు. చిరుగు మీద అతుకు వేసి, "ఎక్కడ చిరిగిందో చూపించండి చూద్దాం" అని బట్ట తెచ్చినవాళ్ళకే సవాలు విసరడం నాకు సరదా. అతుకు కంటికి కనిపించకూడదు, చేతికి తగలకూడదు. ఈ రెండో విషయంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాళ్ళు లేరు. ఈ గొప్ప ఇప్పుడెందుకంటే, సరిగ్గా దీనివల్లే నేను బోర్లా పడ్డాను.

మా అన్నయ్య కూతురికి ఆరేళ్ళు. ఇంట్లో అందరం దాన్ని మేనేజరు అంటాం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ముందు స్నానం చేయాలో, అన్నీ అదే తేలుస్తుంది. పుట్టుకతోనే దానికి చూపు లేదు. ఎవరైనా "అయ్యో పాపం" అంటే "ఎవరికి? ఏమైంది?" అని అడుగుతుంది, నిజంగానే తెలుసుకుందామని. అన్నయ్య దూరపు బస్సు నడుపుతాడు, ఆ వారం ఇంట్లో లేడు. అందుకని సోమవారం పొద్దున్న మా వదినా నేనూ కలిసి వీధి చివరి బడికి వెళ్ళాం, మేనేజరుని చేర్పించడానికి.

అక్కడి పెద్ద మేడం మంచిదే. కుర్చీలు వేయించింది, నీళ్ళు ఇప్పించింది. తర్వాత అసలు మాట చెప్పింది.

"నేను కాదనడం లేదమ్మా. ముప్పై మంది పిల్లలకి ఒక్క టీచరు ఉంది. మీ పాప ఓ మూల ఊరికే కూర్చుని వెళ్ళిపోతే దానికి బడి అన్న పేరెందుకు? ఇలాంటి పిల్లలకని వేరే ఊళ్ళో హాస్టలు ఉంది కదా."

వదిన మొహంలో రక్తం లేదు. ఆరేళ్ళ పిల్ల, వేరే ఊరు, హాస్టలు. నేను నోరు తెరవబోయాను. నాకు ముక్కు మీదే కోపం, అది వదినకి తెలుసు, అందుకే బల్ల కింద నా కాలు తొక్కింది.

"శుక్రవారం పదింటికి మా పిల్లలు తమకిష్టమైన పుస్తకం తెచ్చుకుని, పేజీ పేజీ తిప్పి కథ చెబుతారు," అంది పెద్ద మేడం. "మీ పాపనీ తీసుకురండి. ఆ గంట వాళ్ళతో ఎలా ఉంటుందో చూసి ఏ సంగతీ చెబుతాను."

ఇంటికొచ్చాక వదిన అంది, "దానికి పుస్తకం ఎక్కణ్ణుంచి తేవాలి? తడిమి చదివే చుక్కల అక్షరాలు ఇంకా నేర్పించనేలేదు."

నాకు ఆ క్షణంలోనే బుర్రలో దీపం వెలిగింది. "కొనడం దేనికి వదినా? కుడతాను! గుడ్డ పుస్తకం!" అని అరిచాను. సంచీ తెచ్చి గది మధ్యలో బోర్లించాను. నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

మేనేజరు వచ్చి ఆ గుట్టలో కూలబడింది. "కథ నేను చెప్తా," అంది.

"చెప్పవే."

"ఒక గుండీ చొక్కా మీంచి తెంపుకుని పారిపోయింది."

"ఎందుకు పారిపోయింది?"

"రోజూ పొద్దున్నే దాని మెడ పట్టుకుని కన్నంలోంచి లాగుతున్నారు. నిన్ను లాగితే ఉంటావా?"

ఉండనని ఒప్పుకున్నాను. గుండీ పొలం దాటింది, నది దాటింది, కొండెక్కింది, అడవిలో తిరిగింది, వానలో తడిసింది, ఆఖరికి ఇంకో చొక్కా దొరికితే దాంట్లో చేరింది. ఆ కొత్త చొక్కావాళ్ళు మెల్లగా పెడతారట. ఇంత మంచి కథ నేను ఈమధ్య వినలేదు, మేనత్తనని చెప్పడం కాదు.

మూడు సాయంత్రాలు మిషన్ దిగలేదు. కిటికీ దగ్గర వెలుతురులో ముక్కలు పరిచి రంగు పక్కన రంగు పెట్టి చూసుకున్నాను. నదికి నీలం, నీలంలోనే మూడు రకాలు. పొలానికి మట్టి రంగు. అడవికి ఆకుపచ్చలు ఏడు. కొండ వెనక సన్నగా నారింజ రంగు ఆకాశం. అంచులన్నీ లోపలికి మడిచి, దారం రంగు కలిపి, కుట్టు ఎక్కడుందో నాకే తెలియనంత నున్నగా కుట్టాను. గుండీని పొడుగాటి నాడాకి కట్టి, ఆ నాడాని పుస్తకం వెన్నుకి కుట్టాను, అది పేజీ నుంచి పేజీకి నడిచి వెళ్ళేలా. కర్టెను రింగులతో పేజీలు కలిపాను. వదిన పనిచేసేది డ్రైక్లీనింగ్ షాపులో, ఇస్త్రీ బల్ల దగ్గర. ఆమె చేతిలో పడితే గోనెగుడ్డ కూడా కాగితమైపోతుంది. ప్రతి పేజీ ఆవిరి పెట్టి నొక్కి నొక్కి అద్దంలా చేసి ఇచ్చింది.

బుధవారం రాత్రికి పుస్తకం తయారు. పక్కింటావిడ చూసి నోరెళ్ళబెట్టింది. కింది అంతస్తులో ఉండే ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "ఇది అచ్చు వేసిందా, కుట్టిందా?" అన్నాడు. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను.

మేనేజరు చేతులు తుడుచుకుని, మఠం వేసుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. మొదటి పేజీ తడిమింది. రెండోది. మూడోది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"అత్తా, ఇది ఏంటి?"

"నది."

"ఇందాకటిది?"

"పొలం."

"రెండూ ఒకటేగా."

"ఒకటెలా అవుతుందే! ఇది నీలం, అది..." అని ఆగిపోయాను.

అన్నీ చొక్కా గుడ్డలే. అన్నీ ఒకే నూలు. అతుకు చేతికి తగలకుండా కుట్టింది నేను. ఏ కొంచెం పైకి లేచి ఉంటే దాన్ని కూడా అణిచేసింది వదిన. చూపు లేని పిల్ల కోసం చేతికి ఏమీ తగలని పుస్తకం తయారు చేశాం ఇద్దరం, అంత కష్టపడి, అంత అందంగా. నాకు తలకాయ తీసేసినట్టయింది.

"గుండీ మాత్రం బాగుంది," అంది మేనేజరు, మమ్మల్ని ఓదార్చడానికి.

వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి అక్కణ్ణుంచే అంది, "హాస్టల్లో పిల్లలకి జడలు వేస్తారో లేదో." నాకు ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. వదిన మీద కాదు, నా మీద నాకే. "జడల సంగతి నువ్వు చూసుకుంటావు, ఇక్కడే, రోజూ! రేపు నేను షాపుకి సెలవు!" అని కేకేశాను. కింది ముసలాయనకి కూడా వినిపించే ఉంటుంది.

గురువారం పొద్దున్నే నేనూ మేనేజరూ పాత బట్టల బజారుకి బయల్దేరాం. పెద్ద రేకుల షెడ్డు, కింద టార్పాలిన్లు, వాటి మీద మనిషెత్తు బట్టల గుట్టలు. అక్కడ నాకు తెలిసినాయన ఒకడున్నాడు, గుట్టల బాబాయి అంటారు. ఏ గుట్టలో ఏముందో ఆయనకి తప్ప ఎవరికీ తెలీదు, ఒక్కోసారి ఆయనకీ తెలీదు.

నేను అలవాటుగా "ఈ నీలం బాగుంది" అంటూ ఓ చీలిక లాగాను. మేనేజరు నా జబ్బ పట్టుకుంది.

"అత్తా, కళ్ళు మూసుకో. లేకపోతే మళ్ళీ మోసపోతావు."

మూసుకున్నాను. చేతులు గుట్టలోకి దూర్చాను. ఏం చెప్పమంటారు! పదేళ్ళుగా గుడ్డలతోనే బతుకుతున్నదాన్ని, ఇన్ని రకాలు నా చేతికి ఎప్పుడూ దొరకలేదు. ఒకటి పిల్లి నాలుకలా గీరింది. ఒకటి చేతిలో నిలవకుండా జారిపోయింది. ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా, ఒకటి గరగరలాడుతూ. "ఇది పట్టుకో! ఇది చూడు!" అని నేను, "అది కాదు, ఇది, ఇది!" అని అది, ఇద్దరం కళ్ళు మూసుకుని మోచేతుల దాకా గుట్టలో మునిగి అరుచుకుంటున్నాం. బేరానికొచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. చూడనివ్వండి.

"అత్తా! పొలం దొరికింది!" అని కేక పెట్టింది మేనేజరు. దాని చేతిలో గట్లు గట్లుగా చారలు లేచిన మందపాటి కార్డురాయ్ ప్యాంటు. నాగలి చాళ్ళ గురించి నేనెప్పుడో చెప్పాను, అది గుర్తుపెట్టుకుంది. వేలితో ఒక్కో చారా లెక్కపెడుతోంది.

నది దగ్గర మాత్రం చిక్కొచ్చి పడింది. అది మెచ్చింది ఓ కోటు లోపలి శాటిన్ లైనింగు. ఎంత చల్లగా ఉందో, వేలు పెడితే వేలు ఒడ్డుకి కొట్టుకుపోవాల్సిందే.

"లైనింగు పీకేస్తే ఆ కోటు ఎవడు కొంటాడు?" అన్నాడు గుట్టల బాబాయి.

"ఈ పిల్లకి నది కావాలి బాబాయ్."

"నా కోట్లో నది ఉందా?" అని ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వాడు గానీ కోటు వదల్లేదు.

ఆయన వెనక జిప్పులు పాడైన జాకెట్లు మూడు వేలాడుతున్నాయి, ఎన్నాళ్ళ నుంచో. నేను అక్కడే పీట వేసుకుని కూర్చున్నాను. పట్టకారు నా సంచీలో ఎప్పుడూ ఉంటుంది. జిప్పు రన్నర్లు మూడూ విప్పి, వదులైన చోట నొక్కి, పళ్ళు సరిచేసి ఎక్కించాను. సర్రున పైకి, సర్రున కిందికి. ఆయన మూడూ లాగి చూసుకుని, కోటు తెచ్చి మేనేజరు ఒళ్ళో పడేశాడు. అంతటితో ఆగలేదు. ఆయనక్కూడా ఊపొచ్చేసింది. దుకాణం పక్కవాడికి అప్పజెప్పి, తానూ కళ్ళు మూసుకుని మాతో పాటు గుట్టల్లో వెతకడం మొదలుపెట్టాడు. "తల్లీ, ఇది అడవికి పనికొస్తుందా?" అంటూ బొచ్చు లేచిన స్నానాలగది పట్టా ఒకటి లాగాడు. మేనేజరు అందులో మొహం దాచుకుని, "ఇందులో జంతువులు కూడా ఉంటాయి," అని తేల్చేసింది.

అన్నీ మూట కట్టాక అప్పుడు కళ్ళు తెరిచి చూశాను. ఒళ్ళు జలదరించింది. నది ఎర్రటి ఎరుపు. పొలం వంకాయ రంగు. అడవి గులాబీ. కొండకని తీసుకున్న వెల్వెట్ కర్టెను ముక్క పసుపు. పక్కపక్కన పెడితే కళ్ళు పోయేలా ఉన్నాయి.

"మేనేజరూ, రంగులు గోల గోల చేస్తున్నాయే," అన్నాను.

"ఏమంటున్నాయి?" అంది.

మార్చే టైము లేదు. ఇంటికి పరుగెత్తాం.

కుట్టడం మొదలుపెడితే నా చేతులే నాకు ఎదురు తిరిగాయి. అంచు కనబడగానే లోపలికి మడిచేస్తాయి. ముడి పడగానే దాచేస్తాయి. మేనేజరు మిషన్ పక్కనే నిలబడి తనిఖీ చేస్తోంది. "ఇక్కడ ముడి ఉండాలి కదా, ఎందుకు దాచావు? అది రాయి." విప్పి మళ్ళీ కుట్టాను. అతుకులన్నీ పైకి తిప్పాను, అంచులు పీచులు లేచేలా వదిలేశాను. పొలం గట్టుకని పెట్టిన గోనె, కార్డురాయ్ కలిసిన చోట సూది విరిగింది. ఇంకోటి ఎక్కించాను, అదీ విరిగింది. జీన్సుకి వాడే లావు సూది పెడితే అప్పటికి దిగింది. వానకి పాత రెయిన్‌కోటు ముక్క మీద దారం ముడులు చుక్కలు చుక్కలుగా వేశాను. గుండీని నాడాతో సహా పాత పుస్తకం నుంచి విప్పి దీనికి కుట్టి, ఆఖరి పేజీ చొక్కాకి కాజా ఒకటి పెట్టాను.

కొండ పేజీ కుట్టడం అయిపోవస్తుంటే మేనేజరు దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. వెల్వెట్ మీద కింద నుంచి పైకి నిమిరింది, పై నుంచి కిందికి నిమిరింది.

"తప్పు. ఎక్కేటప్పుడు మెత్తగా ఉంది. ఎక్కడం కష్టం కదా? గరుకుగా ఉండాలి. దిగేటప్పుడు సర్రున జారాలి."

నేను కూడా నిమిరి చూశాను. నిజమే! వెల్వెట్ నూగు ఒకే వైపు పడుకుంటుందని, ముక్కలన్నీ అదే వైపు ఉండాలని నేర్చుకుని పదేళ్ళయింది. లేకపోతే రంగు తేడాగా కనిపిస్తుందని నేర్పారు. దాంట్లో ఒక కొండ ఎక్కి దిగొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ముక్కని తలకిందులు చేసి మళ్ళీ కుడుతూ పైకే పాట పాడేశాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

వదిన షాపు నుంచి వచ్చేసరికి ఆఖరి పేజీకి రింగులు ఎక్కిస్తున్నాను. పుస్తకం చూసి ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేంటి, ఇంత ఘోరంగా ఉంది?"

"కళ్ళు మూసుకో వదినా."

కళ్ళు మూసుకుంది. ఆమె చేతిని మేనేజరే పట్టుకుని ఒక్కో పేజీ తిప్పించింది. పొలం, నది, కొండ. అడవి దగ్గరికొచ్చేసరికి వదిన కళ్ళు మూసుకునే నవ్వుతోంది. మొత్తం అయ్యాక లేచి, ఇస్త్రీపెట్టె తీసి బీరువా మీద, తనకే అందనంత ఎత్తున పెట్టింది.

శుక్రవారం పదింటికి బడిలో ఉన్నాం. పిల్లలంతా చాప మీద కూర్చున్నారు. మేమిద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. పెద్ద మేడం ఓ పక్క కుర్చీలో. ముగ్గురు పిల్లలు చెప్పాక మేనేజరు వంతు వచ్చింది. లేచి నిలబడింది, పుస్తకం తెరిచింది, గుండీ పారిపోవడం మొదలైంది. నాడా మీద గుండీని నడిపిస్తూ పొలం దాటించింది. పిల్లలు వింటున్నారు. నది పేజీ తిప్పింది.

"నది ఎర్రగా ఉందేంటి!" అన్నాడు ముందు వరసలో కూర్చున్న పళ్ళూడిన పిల్లాడు.

ఒకళ్ళు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మేనేజరు వేలు నది మధ్యలో ఆగిపోయింది. వదిన నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా. ఆ ఎరుపు ముందే చూసింది నేను కదా, మార్చకుండా వదిలేసింది నేను కదా. పెద్ద మేడం కుర్చీలోంచి లేవబోయింది.

"నీ పుస్తకంలో నది ఉందా?" అని అడిగింది మేనేజరు.

"ఉంది. నీలంగా."

"చెయ్యి పెడితే ఎలా ఉంటుంది?"

వాడు తన పుస్తకం తెరిచి చెయ్యి పెట్టాడు. కొంచెం సేపు ఆలోచించాడు. "కాగితంలా," అన్నాడు.

"నాది జారుతుంది. రా ఇటు. కళ్ళు మూసుకో."

వాడు వచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి పెట్టాడు. "అమ్మో!" అన్నాడు. "చల్లగా ఉంది! నీళ్ళలా ఉంది!"

అంతే. చాప మీద ఒక్కరు మిగల్లేదు. ముప్పై మంది దాని చుట్టూ మూగారు. "నాకు! నాకు!" అని ఒకటే గోల. ఆ గోలలోంచి మా మేనేజరు గొంతు లేచింది, "వరసలో రండి! చేతులు తుడుచుకోండి! కళ్ళు తెరిస్తే కుదరదు!" ముప్పై మంది కళ్ళు మూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరస కట్టారు. ఒకడు అడవిలో పులి ఉందన్నాడు. ఒకమ్మాయి వాన పేజీలో ముడులు తడిమి తడిమి, తడిసిపోయానంది. చివరి పేజీలో గుండీని కాజాలోకి దూర్చడానికి మాత్రం కొట్టుకున్నంత పని చేశారు, దాన్ని కూడా మేనేజరే తీర్చింది. నాకు అక్కడే ఎగిరి గంతేయాలనిపించింది. వదిన పట్టుకుని ఉండబట్టి ఆగాను.

వరస చివర పెద్ద మేడం నిలబడి ఉంది. ఆవిడా కళ్ళు మూసుకుంది. మేనేజరు ఆమె వేలు పట్టుకుని కొండ ఎక్కించింది, దించింది. పెద్ద మేడం, "మళ్ళీ ఒకసారి," అంది.

రెండోసారి దిగాక కళ్ళు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని అడిగింది, "ఈ పుస్తకం కొన్నాళ్ళు ఇక్కడ వదిలేసి వెళ్తావా తల్లీ? మా పిల్లలు చదువుకుంటారు."

మేనేజరుకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. మొహం ఆవిడ వైపు తిప్పి నిజంగానే అడిగింది, "నేనెక్కడికి వెళ్తున్నాను?"

పెద్ద మేడం పుస్తకం మూసి మళ్ళీ దాని చేతుల్లోనే పెట్టింది. ఈలోగా పళ్ళూడినవాడు చాప మీద పక్కకి జరిగి, "ఇక్కడ కూర్చో," అని దాని చెయ్యి లాగాడు. అది వెళ్ళి వాడి పక్కన కూర్చుంది, వాడిని ఇంకొంచెం జరగమని మోచేత్తో పొడిచింది.

పెద్ద మేడం తలుపు దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూసి, మామూలుగా, ఏ తల్లికైనా చెప్పినట్టే చెప్పింది. "పన్నెండున్నరకి వచ్చి తీసుకెళ్ళండమ్మా. రోజూ అదే టైము."

మేము బయటికి నడిచాం. మేనేజరు మమ్మల్ని పిలవలేదు, లోపల ఎవరికో ఏదో గట్టిగా చెబుతోంది. వదినకి కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. "రోజూ అంది కదూ? నువ్వు కూడా విన్నావు కదూ?" అని గేటు దాటేలోగా నన్ను నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ విన్నాననే చెప్పాను.